నోవిక్ 1:350 రెజిన్ కిట్: అన్నీ ఇచ్చారు, మైన్ పట్టాలు తప్ప

నాలుగు వారాలుగా రాత్రిళ్ళు దీని మీదే, అంటే నోవిక్ అనే పాత రష్యన్ డిస్ట్రాయర్‌కి (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక) 350వ వంతు సైజులో ఉన్న రెజిన్ మోడల్ మీదే కూర్చున్నాను. నిన్న ఆఖరి తాడు కూడా కట్టేశాను కాబట్టి, కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొనండి. కానీ పెట్టెలో ఇచ్చినట్టే కట్టేసి అల్మరాలో పెట్టేయకండి. ఈ కిట్ చేసినవాళ్ళు 1913లో వేగం రికార్డు కొట్టిన నోవిక్‌ని మన చేతిలో పెట్టారు, ఆ మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళి పనిచేసిన నోవిక్‌ని పెట్టలేదు. తేడా మొత్తం వెనక డెక్ మీదే ఉంది, అది తర్వాత చెప్తాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇదే లోపం నేను చూసిన వేరేవాళ్ళ కిట్లలో కూడా ఉంది, ఒక్కళ్ళని పట్టుకుని తిట్టడం న్యాయం కాదు.

ముందు మంచి సంగతులు. హల్, అంటే ఓడ ఒళ్ళు, మొత్తం ఒకే ముక్క, ఎక్కడా వంపు లేదు. నేను ఇంతకు ముందు కట్టిన రెజిన్ ఓడల్లో చాలావాటిని వేడినీళ్ళలో ముంచి సరిచేయాల్సి వచ్చింది, దీనికి ఆ అవసరం రాలేదు. అసలు ఓడ పొడవు 102.4 మీటర్లు, అంటే ఈ స్కేల్‌లో 29 సెంటీమీటర్లు దాటాలి, కొలిస్తే సరిపోయింది. వెడల్పు 9.5 మీటర్లు, పొడవులో దాదాపు పదకొండో వంతు, ఆ సన్నదనం చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. ముందు ఎత్తైన డెక్, బ్రిడ్జి దాటగానే ఒక్కసారిగా కిందికి దిగే మెట్టు, వరుసగా నాలుగు పొగగొట్టాలు, ఇవన్నీ పాత ఫొటోల్లో చూసినట్టే వచ్చాయి. అడుగున గాలి బుడగల గుంటలు మూడో నాలుగో ఉన్నాయి, పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దితే పోయాయి.

ఫిరంగుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 102 మిల్లీమీటర్ల ఒబుఖోవ్ ఫిరంగి, గొట్టం పొడవు 60 క్యాలిబర్లు, అంటే గొట్టం లోపలి వెడల్పుకి 60 రెట్లు, ఆరు మీటర్ల పైచిలుకు. ఈ స్కేల్‌లో పదిహేడున్నర మిల్లీమీటర్లు రావాలి. కిట్‌లో ఇచ్చినవి లేత్ మీద తిప్పిన ఇత్తడి గొట్టాలు, నాలుగింటినీ కొలిచాను, నాలుగూ సరిగ్గా ఉన్నాయి. ఇంత చిన్న విషయానికి ఎందుకింత సంబరం అంటారేమో. ఆ కాలానికి డిస్ట్రాయర్ల మీద ఇంత పొడుగు గొట్టం ఉన్న ఫిరంగి చాలా అరుదు, ఓడ పక్కనుంచి చూస్తే దాని రూపమే ఆ గొట్టాల వల్ల మారిపోతుంది. ముందు ఒకటి, వెనక మూడు. టార్పెడో గొట్టాలు జంటలుగా నాలుగు సెట్లు, మొత్తం ఎనిమిది, 457 మిల్లీమీటర్లవి. వీటిని అతికించకుండా తిరిగేటట్టు వదిలేయొచ్చు, నేను అలాగే వదిలేశాను.

ఇక పెట్టెలో వచ్చిన కరపత్రం. నాలుగు పేజీల్లో మూడు పేజీలు వేగం గురించే. తప్పేమీ లేదు, ఆ కథ బాగుంటుంది. 1904-05 జపాన్ యుద్ధంలో నౌకాదళం తుడిచిపెట్టుకుపోయాక రష్యాలో జనం చందాలు వేసుకుని ఓడలు కట్టించారు, నోవిక్ కూడా ఆ చందాల డబ్బుతో కట్టిందే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పుతిలోవ్ యార్డులో 1910లో మొదలుపెట్టి 1911లో నీళ్ళలోకి దించారు. యంత్రాల పని అప్పటి జర్మనీలోని ష్టెటిన్ ఊరి వుల్కన్ కంపెనీది. మూడు టర్బైన్లు, ఆరు బాయిలర్లు, బొగ్గు అసలు లేదు, పూర్తిగా చమురే. ఒప్పందం ప్రకారం 36 నాట్ల వేగం (నాట్ అంటే గంటకి ఒక సముద్ర మైలు) రావాలి, మొదటి ట్రయల్స్‌లో రాలేదు. ఓడని ష్టెటిన్‌కే తీసుకెళ్ళి బాయిలర్లు మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత 1913 ఆగస్టు 21న 37.3 నాట్లు కొట్టింది, అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా పరిగెత్తిన ఓడ ఇంకోటి లేదు. కరపత్రం ఇక్కడితో దాదాపు ఆగిపోతుంది, యుద్ధానికి ఒక్క పేరా!

ఆ ఒక్క పేరాలో కూడా మైన్ (శత్రు ఓడల దారిలో నీళ్ళలో దాచిపెట్టే బాంబు) అనే మాట లేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

రష్యన్లు ఈ ఓడల్ని డిస్ట్రాయర్ అని పిలవరు. ఎస్మినెత్స్ అంటారు, ఎస్కాద్రెన్నీ మినోనోసెత్స్ అనే పొడుగు పేరుకి అది పొట్టి రూపం, పెద్ద ఓడల దళంతో కలిసి తిరిగే మైన్ మోసే ఓడ అని అర్థం. ఆ రోజుల్లో వాళ్ళకి టార్పెడో కూడా మైనే, తనంతట తాను కదిలే మైన్ అనేవారు, ఆ పేరు అలా వచ్చింది. కానీ 1914 నుంచి బాల్టిక్ సముద్రంలో జరిగింది చూస్తే ఆ పేరు టార్పెడోల కన్నా నీళ్ళలో దించే మైన్ల విషయంలోనే ఎక్కువ నిజమైంది. నోవిక్ డెక్ మీద 50 మైన్ల దాకా పట్టేవి. డెక్ రెండు పక్కలా చిన్న రైలు పట్టాల్లాంటివి ఉంటాయి, మైన్లు వాటి మీద బండ్లలా వరుసగా నిలబడతాయి, ఓడ కదులుతుంటే ఒక్కొక్కదాన్నే వెనక్కి తోస్తూ చివర నీళ్ళలోకి వదిలేస్తారు. లంగరు అడుక్కి పోతుంది, గోళం తీగకి వేలాడుతూ నీటి పైతలానికి కొంచెం కింద ఆగుతుంది.

బాల్టిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ ఎసెన్ ఈ పనికి కట్టుబడిన మనిషి. జపాన్ యుద్ధంలో ఇదే నోవిక్ పేరున్న పాత క్రూయిజర్‌కి ఆయన కెప్టెన్. జపాన్‌వాళ్ళు మైన్లతో చైనా తీరంలోని రష్యన్ నౌకా స్థావరం పోర్ట్ ఆర్థర్ ముందు ఏం చేయగలిగారో కళ్ళారా చూశాడు, అడ్మిరల్ మకారోవ్ ఉన్న పెత్రోపావ్లోవ్స్క్ యుద్ధనౌక 1904 ఏప్రిల్‌లో పేలి మునిగింది అలాంటి మైన్ వల్లే. పదేళ్ళ తర్వాత ఎసెన్ తన డిస్ట్రాయర్లని పొడుగాటి శరత్కాలపు రాత్రుల్లో జర్మన్ తీరం దాకా పంపించాడు. చీకటి పడ్డాక చేరుకోవాలి, మైన్లు దించాలి, తెల్లారేలోపు దూరం వచ్చేయాలి. వేగం ఎందుకు కావాలో, పొగగొట్టాల్లోంచి నిప్పురవ్వలు లేవకుండా చమురు మండించడం ఎందుకు ముఖ్యమో ఈ పని తలచుకుంటేనే అర్థమవుతుంది. 1914 నవంబర్ 17న బాల్టిక్ రేవు మెమెల్ బయట ఫ్రీడ్రిష్ కార్ల్ అనే జర్మన్ ఆర్మర్డ్ క్రూయిజర్ (ఉక్కు కవచం ఉన్న పెద్ద యుద్ధనౌక) మునిగింది రష్యన్ డిస్ట్రాయర్లు ఇలా వదిలి వచ్చిన మైన్ల మీదే. ఒక్క గుండు కూడా పేల్చనక్కర్లేకపోయింది. 1916 నవంబర్ 10, 11 మధ్య రాత్రి ఫిన్లాండ్ సింధుశాఖ ముఖద్వారంలోకి వచ్చిన జర్మన్ పదో ఫ్లోటిల్లా (డిస్ట్రాయర్ల దళం) పదకొండు ఓడల్లో ఏడింటిని రష్యన్ మైన్లకి పోగొట్టుకుంది. కరపత్రంలో ఇవి రెండు వాక్యాలైనా ఉండకూడదా?

ఇంతా చేసి కిట్ డెక్ మీద పట్టాలు లేవు. అచ్చులోనూ గీయలేదు, ఇత్తడి రేకులోనూ కోయలేదు. పైగా రేకులో ఇచ్చిన రెయిలింగ్‌ని ఓడ వెనక చివర చుట్టూ ఖాళీ లేకుండా బిగించమని సూచన. అలా బిగిస్తే మైన్లు ఎక్కణ్ణుంచి పడతాయి? ఈ ఓడని గీసినవాళ్ళు వెనక భాగాన్ని ఎందుకు అంత ఖాళీగా, తక్కువ ఎత్తులో ఉంచారో మోడల్ చూసినవాళ్ళకి తెలిసే అవకాశమే పోయింది.

ఒకటి మాత్రం కరపత్రం సరిగ్గా చెప్పింది, 1915 ఆగస్టు 17 నాటి పోరు. రీగా సింధుశాఖలో ఉన్న స్లావా యుద్ధనౌకని వెతుక్కుంటూ వచ్చిన వి-99, వి-100 అనే రెండు జర్మన్ డిస్ట్రాయర్లు నోవిక్‌కి ఎదురుపడ్డాయి. ఒకటికి రెండు. కొద్ది నిమిషాల్లోనే నోవిక్ గుండ్లు రెండింటికీ తగిలాయి, వి-99 దెబ్బలు తిని తప్పించుకోబోయి మైన్ల మీదికి వెళ్ళి పోయింది, వి-100 దెబ్బలతో బయటపడింది. అంటే ఇక్కడా సగం పని మైన్లదే. ఇంకో సంగతి కరపత్రం వదిలేసింది. ఆ జర్మన్ ఓడల పేర్లలో వి అంటే వుల్కన్, నోవిక్‌కి బాయిలర్లు సరిచేసి ఇచ్చిన కంపెనీయే. వాటి తరగతి మొత్తం డిజైన్ చేసిందే రష్యా డిస్ట్రాయర్ల కోసం తయారై యుద్ధం మొదలవగానే జర్మనీలో ఆగిపోయిన టర్బైన్ల చుట్టూ. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పోయినేడు ఇదే స్కేల్‌లో స్టెరెగూష్చి అనే ఇంకో రష్యన్ డిస్ట్రాయర్, జపాన్ యుద్ధం నాటిది, కట్టాను, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడితే పదేళ్ళలో ఎంత మారిందో మాటలు అక్కర్లేకుండా కనిపిస్తోంది. అది 16 సెంటీమీటర్ల పుల్ల. దాని మూలం సొకోల్, లండన్‌లో యారో కంపెనీ 1895లో రష్యాకి కట్టిచ్చిన 220 టన్నుల ఓడ, బరువు తగ్గించడానికి నికెల్ స్టీలు వాడారు, ట్రయల్స్‌లో 30 నాట్ల దాకా పోయింది. ఆ నమూనా మీద రష్యన్ యార్డులు వరుసగా కట్టుకుంటూ పోయాయి, పోర్ట్ ఆర్థర్ కోసమైతే ముక్కలుగా పంపి అక్కడ బిగించారు. ముందు భాగం తాబేలు వీపులా గుండ్రంగా ఉంటుంది, అలలు ఎక్కి జారిపోవాలని. ఒక 75 మిల్లీమీటర్ల ఫిరంగి, మూడు 47 మిల్లీమీటర్లవి, రెండు టార్పెడో గొట్టాలు. అంతే. దాంతోనే 1904 మార్చి 10న నాలుగు జపాన్ డిస్ట్రాయర్ల మధ్య చిక్కుకుంది. సుమారు యాభై మందిలో నలుగురు బతికారు, కెప్టెన్ లెఫ్టినెంట్ సెర్గేయెవ్ చనిపోయాడు. సజనామి అనే జపాన్ ఓడ దాన్ని తాడు కట్టి లాక్కెళ్ళాలని చూసింది, కుదరలేదు, మునిగిపోయింది. మరుసటి ఏడాది సుషిమా సముద్ర యుద్ధంలో గాయపడ్డ అడ్మిరల్ రొజెస్త్వెన్స్కీతో సహా బెదోవీ అనే రష్యన్ డిస్ట్రాయర్‌ని లొంగదీసుకున్న ఓడల్లో ఇదే సజనామి ఉంది. ఒకే శత్రు ఓడ, రెండు రష్యన్ డిస్ట్రాయర్లు, రెండు వేర్వేరు ముగింపులు.

ఆ స్టెరెగూష్చి కిట్ కరపత్రంలో ఇద్దరు నావికులు లోపల తలుపు వేసుకుని అడుగు వాల్వులు తెరిచి ఓడని ముంచేశారన్న కథని జరిగినట్టే రాశారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1911లో పెట్టిన స్మారకం కూడా ఆ దృశ్యమే, చాలా గొప్ప శిల్పం. కానీ ఆ కథకి గట్టి ఆధారం దొరకలేదు, ఓడ నిండా గుండ్ల తూట్లే. కథ లేకపోయినా ఆ మనుషుల ధైర్యానికి తక్కువేమీ కాదు కదా, ఉన్నది రాస్తే చాలు. ఇలాంటి చోట కిట్ కంపెనీలు కాస్త శ్రద్ధ పెట్టాలి, చాలామంది ఈ చరిత్ర చదివేది ఆ కరపత్రంలోనే.

సరే, మీరు ఈ నోవిక్ కొంటే ఏం చేయాలంటే. పట్టాలకి సన్నటి ఇత్తడి తీగ సరిపోతుంది, డెక్ రెండు పక్కలా రెండేసి గీతలుగా పరచండి, చివర్లు ఓడ వెనక నుంచి కొద్దిగా బయటికి రానివ్వండి. డెక్‌కి రంగు వేయకముందే అతికించాలి, తర్వాత అతికిస్తే సూపర్ గ్లూ మరకలు పోవు, నాకు ఒక పక్క పాడై మళ్ళీ గీకి వేయాల్సి వచ్చింది. మైన్లకి రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రటి పూసలు తీసుకోండి, అసలు గోళాల కొలతకి దగ్గరగా ఉంటాయి, కింద చిన్న ప్లాస్టిక్ చదరం పెడితే లంగరు పెట్టె అవుతుంది. నేను నలభై చేశాను, ఇరవై దాటాక వేళ్ళు పట్టేశాయి కానీ వరుసగా నిలబెట్టి చూస్తే ఓడ ఒక్కసారిగా వేరేగా కనిపించింది. రెయిలింగ్ వెనక పట్టాలకి ఎదురుగా ఉన్న ముక్కల్ని కత్తిరించేయండి. ఇత్తడి రేకు మెత్తగానే ఉంది, చిన్న కత్తెర చాలు.

రంగు సూచనలు బూడిద రంగులో ఒకే ఛాయ ఇచ్చారు, అది బాగానే ఉంది. తెల్ల గుడ్డ మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే రెండు నీలం పట్టీల సెయింట్ ఆండ్రూ జెండా డెకల్ (అతికించే బొమ్మ) చాలా పల్చగా, చక్కగా అచ్చయింది. తాళ్ళకి ఇచ్చిన దారం మాత్రం లావు, పారేసి మీ దగ్గరున్న సన్నది వాడండి. మొదటిసారి రెజిన్ కట్టేవాళ్ళకి బ్రిడ్జి కొంచెం టెన్షన్ పెడుతుంది, దాని కాళ్ళు చాలా సన్నం, అచ్చు నుంచి కోసేటప్పుడు నాకు రెండు విరిగాయి.

ఇదే ఓడ 1926లో యాకోవ్ స్వెర్ద్‌లోవ్ అయ్యింది, 1941 ఆగస్టు 28న తాలిన్ నుంచి వెళ్ళిపోతున్న ఓడల్లో ఉండి మైన్ తగిలే మునిగింది. ఆ పేరుకి డెకల్ పెట్టెలో లేదు. కంపెనీకి ఉత్తరం రాశాను, తర్వాతి అచ్చులో పట్టాలూ, కత్తిరించిన రెయిలింగూ, ఆ డెకలూ ఇవ్వమని. ఇస్తే ఇంకోటి కొంటాను.