పాత కారుతో తిరుమల ఘాట్: ఏ పెట్రోలు పోయించాలి?

బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి దాదాపు 250 కిలోమీటర్లు. మాది 2009 మోడల్ వ్యాగన్ ఆర్. కె.ఆర్.పురం దాటాక ఒక బంకులో కుర్రాడు, "పాత బండి కదా సార్, ప్రీమియం పోయించండి, పికప్ బాగుంటుంది" అన్నాడు. నేను మామూలుదే పోయించాను.

ఆక్టేన్ అంటే బలం కాదు. సిలిండర్‌లో వేడి, ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అది. ఇలాంటి చిన్న పాత ఇంజన్లు మామూలు పెట్రోలుకే తయారయ్యాయి. పైగా 20 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యం నుంచి తీసే ఆల్కహాల్) కలిశాక మామూలు పెట్రోలు ఆక్టేన్ కూడా 95కి చేరిందని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. ఇక 95 రకం ప్రీమియంలో అదనంగా దొరికేది ఇంజెక్టర్లను, వాల్వులను శుభ్రంగా ఉంచే రసాయనాలే.

అసలు పరీక్ష ఘాట్‌లోనే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి కాస్త పలచన, అందుకని పెట్రోలు అలా తనంతట తాను అంటుకుని ఇంజన్ టకటకమని కొట్టుకోవడం (నాకింగ్) ఇక్కడ తక్కువ. తిరుపతి ఎండలో, నలుగురితో, ఏసీ వేసుకుని తిరుమల ఎక్కేటప్పుడు టకటక శబ్దం వస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. రాలేదు. తిరుగు ప్రయాణంలో చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడూ రాలేదు. ఇదివరకు ఇదే దారిలో ప్రీమియం పోయించి వెళ్లినప్పటి మైలేజీకి, ఇప్పటి మైలేజీకి తేడా కనిపించలేదు.

మీ బండిలో ఆ శబ్దం వస్తే ముందు స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్‌లో పేరుకున్న కార్బన్ మెకానిక్‌కి చూపించండి. అప్పటికీ తగ్గకపోతే 95 కన్నా ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం వాడటంలో అర్థముంది. పాత కార్లకు నా అసలు టెన్షన్ ఇథనాల్ గురించే. పాత రబ్బరు పైపుల్ని, సీళ్లని అది పాడుచేయగలదు, తేమనూ పీల్చుకుంటుంది. 95 ప్రీమియంలోనూ ఇథనాల్ ఉంటుంది కాబట్టి అది దీనికి మందు కాదు. బయల్దేరే ముందు మెకానిక్‌తో ఫ్యూయల్ పైపులు, ఫిల్టరు మార్పించాను. ఖర్చు పెట్టాల్సింది అక్కడే. వారాల తరబడి నిలిపే బండిలో పాత పెట్రోలు ఉంచకండి.

బస తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా టీటీడీ వసతి గృహం విష్ణునివాసంలో. కొండ కింద ఉంటే తెల్లవారుజామున చల్లగా ఘాట్ ఎక్కొచ్చు. పాత బండికి, పిల్లలకి అదే సుఖం. కాణిపాకం వెళ్తూ చూసుకుంటే మంచిది, వచ్చేటప్పుడు అందరూ అలిసిపోతారు.

హైవే మీద పెద్ద బంకుల్లో గాలి, టాయిలెట్లు బాగున్నాయి. పలమనేరు దగ్గర ఒక చిన్న బంకులో గాలి మిషనే పనిచేయలేదు. ఎక్కడైనా మీటరు సున్నా చూసుకోండి. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమనండి, అడిగే హక్కు మనకుంది.