ఆల్గే స్క్రబ్బర్: రెండు వేసవులు వాడాక

హైదరాబాద్‌లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (పగడాలు, చేపలు పెంచే అక్వేరియం) పెట్టి, రాళ్ల నిండా పచ్చటి హెయిర్ ఆల్గే (వెంట్రుకల్లాంటి నాచు) పట్టి, ఇక అమ్మేద్దామా అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను వాడుతున్నది వాటర్‌ఫాల్ రకం ఆల్గే స్క్రబ్బర్, అంటే నాచును ఒక జాలీ మీదే పెంచి, గీకి పారేసి నీటిని శుభ్రపరిచే పరికరం. నా ట్యాంకు 280 లీటర్లది, కింద సంప్ (నీళ్లు శుభ్రపరిచే సామాను ఉండే రెండో తొట్టి) ఉంది. ఒక క్లౌన్ చేపల జంట, ఒక గోబీ చేప, జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ లాంటి మెత్తటి పగడాలు ఉన్నాయి. రాతి పగడాలు పెట్టలేదు. మన సముద్రాల్లోని రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. స్క్రబ్బర్ బాగా పనిచేస్తుంది. అయితే నీళ్ల సంగతి తేల్చుకోకుండా కొంటే మాత్రం డబ్బు దండగ.

అందుకే ముందు నీళ్ల గురించి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టక తప్పదు. ఫ్యాన్ పెడితే నీళ్లు చల్లబడతాయి కానీ రోజుకు ఆరేడు లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది ఉత్త నీరే. మనం మళ్లీ పోసిన నీళ్లలో నాచుకు తిండి అయ్యే నైట్రేటో, ఫాస్ఫేటో, సిలికాయో ఉంటే అది లోపలే ఉండిపోయి పేరుకుంటుంది. నెలంతా లెక్కేసుకుంటే 200 లీటర్ల నీళ్లలోని సరుకంతా ట్యాంకులో మిగిలిపోయినట్టే. ఇక్కడ చాలామందికి సరిగ్గా ఎండాకాలంలోనే నాచు విరుచుకుపడటానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే.

ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు పోస్తున్నాం కదా అంటారు. చాలా ఇళ్లలోని మెషీన్లకు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం అది కొంచెం మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. మినరల్ వాటర్ అని తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్‌లో టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా రాదు. బోరు నీళ్లయితే ఇంకా కష్టం. టీడీఎస్ 900 ఉన్న బోరు నీటిలో ఆర్వో మెంబ్రేన్ 95 శాతం ఆపినా ఇంకా 45 మిగులుతుంది. ఆ 45 భారమంతా, ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టుకునే డీఐ రెసిన్ మీద పడి అది చూస్తుండగానే అయిపోతుంది. పైగా మన కింద ఉన్నది గ్రానైట్ నేల, బోరు నీటిలో సిలికా తప్పదు. కొత్త ట్యాంకుల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలా పరుచుకునే డయాటమ్‌లకు అదే తిండి. మాకు మంజీరా నల్లా నీళ్లు వచ్చే పూట ఆర్వో నడిపి, డీఐ మీదుగా డ్రమ్ము నింపుకుంటాం. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మెంబ్రేన్‌కి ముందు కార్బన్ ఫిల్టర్ ఉండాల్సిందే. డ్రమ్ములో మీటర్ సున్నా చూపిస్తేనే ఆ నీళ్లు ట్యాంకులోకి వెళ్తాయి.

ఇప్పుడు స్క్రబ్బర్. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. గరుకు చేసిన ప్లాస్టిక్ జాలీ మీదుగా సన్నటి పొరలా నీళ్లు జారుతుంటాయి, రెండు వైపులా ఎర్రటి ఎల్‌ఈడీ కాంతి గట్టిగా పడుతుంది. రాళ్ల మీదకంటే అక్కడ వెలుగు, ప్రవాహం రెండూ ఎక్కువ కాబట్టి నాచు అక్కడే జోరుగా పెరుగుతుంది, నీటిలోని నైట్రేట్, ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది. దాన్ని మనం గీకి పారేస్తాం. రోజుకు ఒక క్యూబ్ ఫ్రోజెన్ ఫుడ్ వేస్తే 12 చదరపు అంగుళాల జాలీ కావాలని, వెడల్పు అంగుళానికి గంటకు 130 లీటర్ల నీళ్లు జారాలని ఈ హాబీలో ఒక లెక్క ఉంది. నేను వేసేది రోజుకు రెండు క్యూబులు, నా జాలీ ఆరు అంగుళాల చదరం. పైపులు, వాల్వులు రాణిగంజ్‌లో, ఎల్‌ఈడీలు, డ్రైవర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. రెడీమేడ్‌వి దిగుమతి సరుకు, ధర చాలా ఎక్కువ. చేతిపని వచ్చినవాళ్లు సొంతంగా చేసుకోవడమే నయం.

ఓపిక మాత్రం కావాలి. జాలీ మీద ముందు గోధుమరంగు జిగురు పడుతుంది, కొన్ని వారాలకు గానీ పచ్చదనం రాదు. రాళ్ల మీద నాచు చాలాకాలం అలాగే ఉంటుంది. ఎందుకంటే పాత రాళ్లు ఫాస్ఫేట్‌ని పీల్చుకుని ఉంటాయి. నీటిలో తగ్గేకొద్దీ అవి దాన్ని మెల్లగా వదులుతూ ఉంటాయి. మియాపూర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఫాస్ఫేట్ సున్నా వస్తోంది, నాచు మాత్రం ఆగట్లేదు" అన్నాడు. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టే నాచు తినేస్తుంటే టెస్ట్ కిట్‌లో సున్నాయే చూపిస్తుంది మరి. ఆ రీడింగ్ చూసి ఫాస్ఫేట్ లేదనుకోకూడదు. నా ట్యాంకులో ముదురు ఆకుపచ్చగా ఉన్న నాచు కొన్ని నెలలకు పాలిపోయింది, ఫోర్సెప్స్‌తో పట్టుకోగానే కుదుళ్లతో సహా ఊడి వచ్చింది. సైఫన్ పెట్టి అలా లాగినదంతా బయటికి పోసేశాను. మిగతాది టర్బో నత్తలు నున్నగా గీకేశాయి. పొడవాటి నాచును అవి పెద్దగా ముట్టవు, పొట్టిగా చేసి ఇస్తేనే వాటి పని మొదలవుతుంది.

వారం పది రోజులకోసారి జాలీ తీసి గీకడం ఇందులో అసలు పని. బయటికి తీస్తే బరువుగా, నీళ్లోడుతూ వస్తుంది. వేలెడు మందం ఆకుపచ్చ తివాచీ, దాని మధ్య ఆక్సిజన్ బుడగలు, అటూ ఇటూ గెంతే సన్నటి పురుగులు, బీచ్‌లో వచ్చే వాసన. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే ముద్దలు ముద్దలుగా వస్తుంది. మొత్తం నున్నగా గీకకూడదు, కుదుళ్లు మిగలాలి. తర్వాత మంచినీళ్లతో కడిగితే నాచును కొరికే ఆ పురుగులు పోతాయి. గీకినది మొక్కల కుండీల్లో వేయకండి, అందులో ఉప్పు ఉంటుంది. ఈ పని రెండు మూడు వారాలు వాయిదా వేస్తే పైపొర అడుగుపొరకు వెలుగు అందనివ్వదు, అడుగున కుళ్లి ముద్దంతా ఊడి సంప్‌లో పడుతుంది. ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లకు నేను దీన్ని సిఫార్సు చేయను.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. తుంపరలకు చుట్టూ ఉప్పు పేరుకుంటుంది, ఎల్‌ఈడీ అద్దం తరచూ తుడవాలి. నీళ్లకు పసుపు ఛాయ వస్తుంది, కొంచెం యాక్టివేటెడ్ కార్బన్ పెడితే పోతుంది. మే నెలలో కరెంటు పోయి పంపు ఆగితే జాలీ ఎండిపోతుందేమోనని టెన్షన్. నేను సంప్ నుంచి నీళ్లు పైకి తోడే రిటర్న్ పంపును ఇన్వర్టర్‌కి కలిపాను.

అన్ని రకాల నాచుకూ ఇది మందు కాదు. ఈకలా, ఫెర్న్ ఆకులా కొమ్మలున్నది బ్రయాప్సిస్. అది పోషకాలు తగ్గినా మొండిగా ఉంటుంది. దానికి చాలామంది ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు వాడతారు. ఆ మందు స్క్రబ్బర్‌లోని నాచునూ దెబ్బతీయవచ్చు. గోళీల్లాంటి బబుల్ ఆల్గేని చితక్కొట్టకుండా రాయి నుంచి చేత్తో ఊడదీయాలి. బుడగలతో గోధుమరంగు చీమిడిలా సాగుతూ, రాత్రికి తగ్గి పగలు మళ్లీ వచ్చేవి డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు). నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో తరచూ కనిపించేవి అవే. కాబట్టి స్క్రబ్బర్ జోరు మీద ఉన్నప్పుడు జాగ్రత్త. నా నైట్రేట్ 5 పీపీఎం కిందికి, ఫాస్ఫేట్ 0.03 పీపీఎం కిందికి పోతే స్క్రబ్బర్ లైటు గంటలు తగ్గిస్తాను, చేపలకు మేత కొంచెం పెంచుతాను.

దీనికి ముందు ఫాస్ఫేట్‌ని పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలూ వాడాను. ఫాస్ఫేట్ వేగంగా తగ్గింది, ఆ వేగానికి లెదర్ కోరల్ చాలా రోజులు ముడుచుకుపోయింది. పైగా అవి మాటిమాటికీ కొనాలి. ఆల్గే రిమూవర్ అని ఒక షాపులో నాకు అంటగట్టబోయిన సీసా వెనక కాపర్ అని రాసి ఉంది. నత్తలు, రొయ్యలు, కోరల్స్ ఉన్న ట్యాంకులో కాపర్ చుక్క కూడా పడకూడదు. ఏ సీసా కొన్నా ముందు వెనక లేబుల్ చదవండి, లేబులే లేకపోతే కొనకండి.

కొత్తగా పెట్టేవాళ్లు చలికాలంలోనే మొదలుపెడితే ఎండలు ముదిరేసరికి జాలీ మీద నాచు బాగా కుదురుకుంటుంది. డీఐ రెసిన్ మాత్రం మార్చి చివర్లోనే కొత్తది తెచ్చి పెట్టుకోండి, మేలో నీళ్ల ఖర్చు పెరిగినప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.