ఫైబర్ లైన్ పనికి వర్కర్స్ కాంప్: టెక్సాసా, ఫ్లోరిడానా, వాషింగ్టనా?

మా బావ డాలస్‌లో ఆరుగురితో ఫైబర్ కేబుల్ వేసే చిన్న కంపెనీ నడుపుతున్నాడు, లెక్కలు నేను చూస్తాను. ఈ మధ్య ఫ్లోరిడాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో కూడా పనులు వచ్చేలా ఉంటే, వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి వైద్యం, పోయిన జీతం ఇచ్చే బీమా) ఎక్కడ చవకో చూడమన్నాడు. చూశాను. ఆఫీసు ఎక్కడుందన్నది కాదు, మనవాడు స్తంభం ఎక్కేది ఎక్కడో ప్రధానంగా దాన్నిబట్టే ప్రీమియం పడుతుంది, కాబట్టి చవక రాష్ట్రంలో కంపెనీ రిజిస్టర్ చేసి తప్పించుకుందామనే ఆలోచన ముందే మానేయండి.

టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని ఈ పాలసీ తీసుకోవాలన్న నిర్బంధం లేదు. చిన్న కంపెనీలకు ఆశ పుట్టేది ఇక్కడే. కానీ పాలసీ లేకుండా ఉన్నప్పుడు ఒక కుర్రాడు బకెట్ ట్రక్కు మీంచి పడి కోర్టుకెళ్తే, "అతని అజాగ్రత్త కూడా ఉంది", "తోటివాడి తప్పు", "ప్రమాదమని తెలిసే ఎక్కాడు" అని మీరు వాదించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వెన్నెముక దెబ్బ ఒక్కటి చాలు, ఇల్లు అమ్ముకున్నా తీరదు. దెబ్బ తిన్నవాడి ఇల్లు గడిచేదెలాగన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. అందుకే బావకి గట్టిగానే చెప్పాను, టెక్సాస్‌లో తీసుకోకపోవడం అనేది అసలు లెక్కలోకే రాదని. ఇక్కడ ఉన్న మేలు ఏంటంటే బీమా కంపెనీకో రేటు ఉంటుంది, నలుగురిని అడిగి బేరం చూసుకోవచ్చు.

ఫ్లోరిడాలో ఆ బేరం లేదు. రాష్ట్రం ఆమోదించిన రేటే అన్ని బీమా కంపెనీలదీ. నిర్మాణ పనైతే ఒక్క మనిషి ఉన్నా పాలసీ ఉండాల్సిందే, వేరే వ్యాపారాలకైతే నలుగురి నుంచి. లేకుండా దొరికితే పని ఆపేయిస్తారు, ఎగ్గొట్టిన ప్రీమియానికి రెండింతలు జరిమానా కూడా వేస్తారు. ఎవరైనా ఏజెంటు "నేను సగానికి ఇప్పిస్తా" అంటే, స్తంభాలెక్కే మీ లైన్‌మెన్‌ని తక్కువ రేటు పడే ఆఫీసు క్లర్కుల కోడ్‌లో రాస్తున్నాడేమో ఒకసారి చూసుకోండి.

వాషింగ్టన్ కథే వేరు. ప్రైవేటు పాలసీ చెల్లదు, రాష్ట్ర కార్మిక శాఖ దగ్గరే ఖాతా తెరవాలి. టెక్సాస్, ఫ్లోరిడాల్లో రేటు జీతంలో ప్రతి 100 డాలర్లకి, ఇక్కడ పనిచేసిన గంటకి. ఈ తేడా చూడకుండా రేట్లు పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. ఊరికే లెక్క కోసం 100కి 5 డాలర్లు అనుకుందాం. గంటకు 45 డాలర్లు తీసుకునే స్ప్లైసింగ్ (ఫైబర్ కొసలు అతికే) మనిషికి గంటకు 2.25 పడుతుంది, కింద తాడు పట్టుకునే 22 డాలర్ల కుర్రాడికి 1.10. వాషింగ్టన్‌లో ఇద్దరి పనీ ఒకే తరగతిలో ఉంటే ఇద్దరికీ ఒకటే. అంటే సీనియర్లతో వెళ్తే లాభం, కొత్తవాళ్ళతో వెళ్తే నష్టం.

రాష్ట్రంతో పాటు పెద్ద తేడా తెచ్చేది మీ ప్రమాదాల చరిత్ర. అదే 5 డాలర్ల రేటుతో 4 లక్షల జీతాలకి 20,000 అవుతుంది. మీ గుణకం (ప్రమాదాల చరిత్రను బట్టి ప్రీమియాన్ని హెచ్చించే సంఖ్య) 0.85 అయితే 17,000, 1.25 అయితే 25,000. పైగా పెద్ద కాంట్రాక్టర్లు 1 దాటినవాళ్ళకి పని ఇవ్వడానికి వెనకాడతారు. నడుముకి బెల్టు, హుక్కు సరిగా ఉన్నాయో లేదో పొద్దున్నే చూసే ఆ ఐదు నిమిషాలు ఏ రాష్ట్రంలోనైనా డబ్బు మిగిల్చేవే.

పోయినేడు బీమా కంపెనీ ఆడిట్‌లో ఒక సబ్‌కాంట్రాక్టర్ ఇచ్చిన బీమా సర్టిఫికెట్ గడువు మధ్యలోనే అయిపోయిందని తేలింది, ఆ తర్వాత అతనికి ఇచ్చిన డబ్బంతా మా జీతాల్లో కలిపి అదనపు బిల్లు పంపారు. కాగితం తీసుకున్నానే గానీ తేదీ చూడలేదు, తప్పు నాదే.

బావకి నా సలహా: టెక్సాస్ పాలసీ ఉంచుకో, ఫ్లోరిడా పని ఒప్పుకునే ముందు ఆ రాష్ట్రాన్ని పాలసీలో రాయించు, వాషింగ్టన్‌కి మాత్రం సీనియర్లతో నెలల తరబడి ఉండే పనైతేనే వెళ్ళు. వారం పనికి ఆ ఖాతా, ఆ రిపోర్టుల టెన్షన్ దండగ.