పచ్చళ్లకు వాట్సాప్, చీరలకు ఇన్‌స్టా: చిన్న వ్యాపారానికి ఏది మేలు?

మా అత్తయ్య పచ్చళ్లు పెడతారు, ఫోను సంగతి నేను చూసుకుంటాను. గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోంచే మా వ్యాపారం. మా ఆడపడుచు విజయవాడ పటమటలో మంగళగిరి చీరలు అమ్ముతుంది. ఇద్దరం ఒకే ఏడాది మొదలుపెట్టాం. తెలిసినవాళ్లు ఎవరు కొత్తగా ఏం మొదలుపెట్టినా మమ్మల్ని అడిగేది ఒకటే: "ఇన్‌స్టాలో పెట్టాలా, వాట్సాప్ చాలా?" అది సరుకును బట్టి ఉంటుంది. రెండూ చూసుకునే తీరిక లేకపోతే మాత్రం వాట్సాప్ బిజినెస్‌తోనే, అంటే వ్యాపారాల కోసం వాట్సాప్ ఇచ్చే వేరే యాప్‌తోనే, మొదలుపెట్టమంటాను.

పచ్చడి ఫొటోలో రుచి తెలియదు. ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ అడుగుతారు, వాళ్ల చెల్లెలికో పక్కింటావిడకో చెబుతారు. ఆ మాటలన్నీ నడిచేది వాట్సాప్‌లోనే. బిజినెస్ యాప్ ఉచితం. గోంగూర, పండుమిర్చి, మాగాయ ధరలతో సహా కేటలాగ్‌లో పెట్టేస్తే "అరకిలో ఎంతండీ?" అన్న ప్రశ్నకు రోజుకు ఇరవైసార్లు టైపు చేసే పని తప్పుతుంది. చాట్‌లకు రంగు గుర్తులు పెట్టే లేబుళ్లు నాకు ఇంకా ఉపయోగం. డబ్బు రావాల్సినవాళ్లకు ఒక రంగు, పార్సిల్ వెళ్లినవాళ్లకు ఒక రంగు. ఎవరినీ రెండుసార్లు డబ్బు అడిగే ఇబ్బంది ఉండదు.

మొదట్లో ఒక పెద్ద తప్పు చేశాను. కొన్నవాళ్లందరినీ అడగకుండా ఒక గ్రూపులో చేర్చేశాను. నాలుగో రోజున ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, పచ్చడి కొన్నందుకు నా నంబరు ఇంతమందికి ఇచ్చేస్తావా? ఎవరో మగమనిషి మెసేజ్ పెడుతున్నాడు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పి, ఆ సాయంత్రమే గ్రూపు తీసేశాను. ఇలాంటి పనికి ఉన్నది బ్రాడ్‌కాస్ట్ లిస్టు, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే ఏర్పాటు. ఒక్కో లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళుతుంది. అందుకే సీసా మీద లేబుల్ కింద "మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త పచ్చడి పెట్టినప్పుడు చెబుతాం" అని వేయించాం. ఇష్టమున్నవాళ్లే సేవ్ చేసుకుంటారు. నెలకు రెండు మెసేజ్‌లు మించను. విసుగొచ్చి ఎక్కువమంది బ్లాక్ చేస్తే, రిపోర్ట్ కొడితే, మన నంబరునే ఆపేసే ప్రమాదం ఉంది.

వాట్సాప్‌కు ఒక లోటుంది. మనం ఎవరో తెలియనివాళ్లను అది తీసుకురాదు. ఆ పనికి ఇన్‌స్టానే మేలు, ముఖ్యంగా కళ్లతో చూసి కొనే సరుకుకు. టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్దిరోజులకే, 2020 జూలైలో, ఇన్‌స్టాలో చిన్న వీడియోలు పెట్టే రీల్స్ మన దేశానికి వచ్చాయి. మా ఆడపడుచు రీల్స్‌లో పాటలూ డాన్సులూ ఉండవు. పొద్దున్నే బాల్కనీలో చీర మడత విప్పి, నిజాం అంచు దగ్గరగా చూపించి, పమిట తన భుజం మీద వేసుకుని చూపిస్తుంది. పొద్దుటి వెలుతురే ఎందుకంటే, ఒకసారి ట్యూబ్‌లైటు కింద తీసిన నెమలికంఠం రంగు చీర ఫోనులో ముదురు నీలంగా కనిపించింది. కొన్నావిడ తిప్పి పంపేశారు. "రంగు విషయంలో ఒకసారి మాట పోతే మళ్లీ రాదు వదినా" అంటుంది. ధర కూడా పోస్టులోనే రాస్తుంది. "ధరకు మెసేజ్ చేయండి" అని దాచడం నాకూ నచ్చదు. కొనాలనుకున్నవాళ్లు కూడా విసుగొచ్చి పక్క పేజీకి వెళ్లిపోతారు.

ఆమెను చూసి మేమూ ఒక రీల్ పెట్టాం. ఆవకాయ మూడో రోజు తిరగకలిపేటప్పుడు అత్తయ్య జాడీలో చెయ్యి పెట్టి అడుగునుంచి పైకి తీస్తుంటే, ముక్కల మీదికి నూనె ఎర్రగా తేలుతోంది. జనం బాగా చూశారు. దూరపు ఊళ్ల నుంచి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. హడావుడిలో మామూలు మూతల సీసాలే పంపాం. దారిలో మూతలు వదులై, నూనె కారి, అట్టపెట్టెలు తడిసి చేరాయి. చాలామందికి డబ్బు వెనక్కిచ్చాం. తప్పు రీల్‌ది కాదు, మేం సిద్ధంగా లేం. ఇప్పుడు దూరప్రాంతాలకు సీలు వేసిన కవర్లోనే పంపుతున్నాం, దానిమీద ఇంకో కవరు కూడా. పచ్చళ్లు అమ్మేవాళ్లు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా ముందే చేయించుకోవాలి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉంటే కొత్తవాళ్లకు ధైర్యం.

కొత్తవాళ్ల దగ్గర డబ్బు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒకతను డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ పెట్టాడు, మేం ప్యాక్ చేసేశాం. అకౌంటులో ఒక్క రూపాయి పడలేదు. ఇప్పుడు బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే పార్సిల్ కదులుతుంది. డబ్బు రావడానికి మన యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఫేస్‌బుక్ మా ఇద్దరికీ రెండో వరసే. పెద్దవాళ్లు, విదేశాల్లో ఉన్న బంధువులు అక్కడ చూస్తారు, అందుకని పేజీ ఉంచాం. డబ్బు పెట్టి బూస్ట్ చేస్తే, అంటే పోస్టును ప్రకటనలా ఎక్కువమందికి చూపిస్తే మాత్రం, ఏ ఊళ్లో, ఎన్ని కిలోమీటర్ల లోపలివాళ్లకు కనిపించాలో మనమే పెట్టుకోవాలి. నేను మొదటిసారి అది చూడకుండా నొక్కేసి డబ్బు పోగొట్టుకున్నాను. పైగా ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ.

అరండల్‌పేటలో టిఫిన్ సెంటరో, బీసెంట్ రోడ్డులో టైలరింగ్ షాపో ఉన్నవాళ్లు మాత్రం వాట్సాప్, ఇన్‌స్టాలకన్నా ముందు గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవాలి. అదీ ఉచితమే. టైమింగ్స్ సరిగ్గా ఉండాలి, సెలవు రోజు మూసినట్టు కనిపించాలి. రివ్యూలు కొన్నవాళ్లనే అడగండి, చుట్టాలతో రాయించకండి.

ఆర్డర్ ఇచ్చిన ప్రతివాళ్లనూ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి నోటుబుక్కులో రాసుకుంటాను. మా ఆడపడుచు పుస్తకంలో ఎక్కువగా ఉండేది ఇన్‌స్టా. నా పుస్తకంలో "ఫలానావాళ్లు చెప్పారు" అన్నదే పేజీల నిండా ఉంటుంది. అందుకే ఈ వేసవిలో ఆవకాయ కబురు ముందు పాత లిస్టుకే వెళుతుంది. వాళ్లందరికీ ఇచ్చాక జాడీలు మిగిలితేనే రీల్ పెడతాను.