గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్: పాత కాలువ గట్ల మీద కొన్నేళ్లు సైకిల్ తొక్కాక

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బల్లారట్ పక్కనున్న బనిన్యాంగ్ కొండ నుంచి బెండిగో దాకా అడవుల గుండా 210 కిలోమీటర్లు సాగే దారి గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్. మెల్‌బోర్న్‌లో మౌంటెన్ బైక్ కొన్న మనవాళ్లెవరైనా కొన్నాళ్లకు దీని గురించి అడుగుతారు. అడిగేది ఎప్పుడూ ఒకటే: మొత్తం ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొత్తం ఒకేసారి తొక్కడానికి ఇది మంచి దారి కాదు. ముక్కలుగా విడగొట్టుకుని, నచ్చిన ముక్కకు మళ్లీ మళ్లీ వెళ్లడానికైతే దీన్ని మించింది నాకింతవరకు కనిపించలేదు.

ఈ దారిలో మూడు భాగాలున్నాయి. బనిన్యాంగ్ నుంచి డేల్స్‌ఫోర్డ్ వరకు యురేకా ట్రాక్, అక్కణ్నుంచి కాసిల్‌మెయిన్ వరకు డ్రై డిగ్గింగ్స్, ఆపైన బెండిగో వరకు లియాంగనూక్. వీటిలో డ్రై డిగ్గింగ్స్ ఒక్కటి తొక్కినా చాలు. దాదాపు 60 కిలోమీటర్లే, కానీ ఒళ్లు హూనం చేస్తుంది.

ఎందుకంటే ఇది సైకిళ్ల కోసం వేసిన దారి కాదు. 1851లో ఇక్కడ బంగారం బయటపడగానే వేలమంది వచ్చి పడ్డారు. మట్టి కడిగితే గానీ బంగారం రాదు, కడగడానికి నీళ్లు లేవు. దాంతో వాగుల నుంచి కొండవాలు వెంబడి పిల్లకాలువలు తవ్వుకున్నారు. నీరు దానంతటదే పారాలి కాబట్టి వాటికి వాలు ఉందా లేదా అన్నట్టే ఉంటుంది. ఇప్పుడా కాలువలు ఎండిపోయాయి, వాటి గట్లే మన దారి. మూరెడు వెడల్పు గట్టు, ఒక పక్క ఆకులతో సగం పూడిన కాలువ, రెండో పక్క లోయ. గేరు మార్చే పని లేకుండా కొండ మలుపులన్నీ చుట్టుకుంటూ పోవచ్చు. ఇంత సుఖం డబ్బు కట్టి తొక్కే బైక్ పార్కుల్లో కూడా దొరకదు. కాకపోతే కళ్లు దారి మీదే ఉండాలి. పెడల్ గట్టుకు తగిలిందంటే లోయ వైపే పడతాం.

ఆ సుఖం ఎక్కువసేపు ఉండదు. గట్టు తెగిపోయిన ప్రతిచోటా దారి ఒక్కసారిగా నీళ్లకు కోసుకుపోయిన పల్లంలోకి (ఇక్కడ దాన్ని గల్లీ అంటారు) దిగి, అవతల నిటారుగా ఎక్కుతుంది. కొన్నిచోట్ల దిగి తొయ్యాల్సిందే. ఈ-బైక్ అయితే ఆ బరువు తొయ్యడం ఇంకో నరకం.

మాది కుప్పం వైపు పల్లె. గనులంటే నాకు తెలిసింది కేజీఎఫ్: సైనైడ్ దిబ్బలు, మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన షాఫ్టులు, 2001లో మూతపడ్డాక ఖాళీ అయిన క్వార్టర్లు. కాసిల్‌మెయిన్ చుట్టుపక్కల కథ వేరు. ఇక్కడ మొదట్లో బంగారం పైపైన మట్టిలోనే దొరికింది, ఎవడి గొయ్యి వాడు తవ్వుకున్నాడు. అందుకే అడవంతా గుంతలే, పక్కన తవ్విపోసిన మట్టిదిబ్బలే. దారి పక్కన అక్కడక్కడా మధ్యలో చిన్న దిబ్బ ఉన్న గుండ్రటి కందకాలు కనిపిస్తాయి. మనూళ్లో గానుగెద్దు తిరిగినట్టు వాటి చుట్టూ గుర్రాన్ని తిప్పి, బంకమట్టిని నీళ్లలో కలియబెట్టి కరిగించేవారట. బంగారం అడుగున మిగిలేది. మొదట్లో నేను వాటిని చూడకుండానే దాటిపోయేవాణ్ని. అవి ఏమిటో తెలిశాక ప్రతి రైడ్‌లోనూ ఆగుతున్నాను, సగటు వేగం పోతే పోనీ.

గుంతలంటే అందం మాత్రమే కాదు. చాలా షాఫ్టులకు ఇప్పటికీ మూతల్లేవు. మూత్రానికని పొదల్లోకి నాలుగడుగులు వేసేటప్పుడు కూడా నేల చూసుకునే వెయ్యాలి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి.

హెప్‌బర్న్ దగ్గర బ్లోహోల్ అని ఒక చోటు ఉంది. సెయిలర్స్ క్రీక్ అక్కడ పెద్ద వంపు తిరిగేది. ఆ వంపులో వాగు అడుగు తవ్వుకోవడానికి గని కార్మికులు కొండకే సొరంగం కొట్టి నీటిని అడ్డదారిన మళ్లించేశారు. వాన పడ్డాక వెళ్తే ఆ బిలంలోంచి నీళ్లు దూకుతుంటాయి, ఎండాకాలంలో వెళ్తే ఒట్టి బండలే. ఆ చుట్టుపక్కల ఊటల దగ్గర చేతిపంపులు కొడితే సోడాలా బుడగలతో, ఇనుప వాసనతో మినరల్ నీళ్లొస్తాయి. పైసా ఖర్చు లేదు. సీసాలో పట్టుకోండి గానీ వీపు సంచిలో పెట్టుకునే నీళ్ల తిత్తిలో మాత్రం నింపొద్దు, గ్యాస్‌కు అది ఉబ్బిపోతుంది.

కాసిల్‌మెయిన్ వైపు వాన్ అనే ఊళ్లో, ఊటల దగ్గర గట్టు మీద చిన్న చైనా శ్మశానం ఉంది. చైనా నుంచి వచ్చేవాళ్ల మీద 1855లో విక్టోరియా తలకు 10 పౌన్ల పన్ను వేస్తే, చాలామంది పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి, వారాల తరబడి నడిచి ఈ గనులకు చేరారు. సమాధుల రాళ్లు కొన్ని సగానికి విరిగి ఉన్నాయి. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్తాను.

ఇక సామాన్ల సంగతి. ఈ నేలంతా పలుగురాయి. పగిలిన పలుగు అంచు బ్లేడే. తేలికపాటి టైర్లు సరిపోతాయని ఒక దుకాణంలో నమ్మకంగా చెప్పి అమ్మారు. ఫ్రయర్స్‌టౌన్ దాటాక వెనక టైరు పక్కగోడ గోరంత చీలింది. చిల్లులు మూసుకోడానికి టైర్లో పోసే తెల్లటి సీలెంట్ ద్రవం బుసబుసమంటూ కాసేపు కారి, చీలిక మూసుకోకుండానే అయిపోయింది. లోపల చాక్లెట్ కాగితం మడతపెట్టి, ట్యూబ్ వేసి బయటపడ్డాను. అప్పట్నుంచి పక్కగోడ మందంగా ఉన్న 2.4 అంగుళాల టైర్లే వాడుతున్నాను, బరువైనా సరే. ముందువైపు 120 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు, వెనక సస్పెన్షన్ ఉండి తీరాలని ఎక్కడా అనిపించలేదు. సీటు కిందకు జారే డ్రాపర్ పోస్ట్ మీద మాత్రం డబ్బు పెట్టండి. గల్లీల్లోకి దిగేటప్పుడు అది లేకపోతే టెన్షనే.

యురేకా ట్రాక్ నాకంతగా ఎక్కలేదు. క్రెస్విక్ దగ్గర అడవి బాగుంటుంది. గనుల కోసం చెట్లన్నీ నరికేస్తే, 19వ శతాబ్దం చివర్లో జాన్ లా గెర్ష్ అనే అటవీ అధికారి పట్టుబట్టి మళ్లీ నాటించిన చోటది. కానీ ఈ భాగంలో వెడల్పాటి మట్టి రోడ్లు ఎక్కువ, చలికాలంలో బురద బ్రేక్ ప్యాడ్లను తినేస్తుంది. పైగా 2021 జూన్ గాలివానకు ఈ భాగంలోని వాంబాట్ అడవిలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. లియాంగనూక్ భాగం తేలిక. బెండిగోకు నీళ్లు తీసుకెళ్లే కోలిబన్ కాలువ వెంట సాఫీగా పోతుంది. కొత్తవాళ్లకు ఇది సరిపోతుంది, కాస్త అలవాటైనవాళ్లకు బోరు కొడుతుంది.

వెళ్లడానికి మంచి కాలం ఏప్రిల్, మే నెలలు. మనవాళ్లు సంక్రాంతికి ముగ్గులేసే రోజుల్లో అక్కడ మండుటెండ, కార్చిచ్చు భయం. ప్రమాదం మరీ తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆ అడవులు మూసేస్తారు, కాబట్టి విక్‌ఎమర్జెన్సీ యాప్ చూడకుండా బయల్దేరొద్దు. సెప్టెంబరులో మ్యాగ్‌పై పక్షులు వెనకనుంచి వచ్చి హెల్మెట్ మీద పొడుస్తాయి. గల్లీల్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

బల్లారట్, కాసిల్‌మెయిన్, బెండిగో మూడింటికీ మెల్‌బోర్న్ నుంచి రైలుంది. 2023 మార్చి నుంచి రోజు టికెట్ గరిష్ఠ ధర నగరంలో ఎంతో అక్కడికీ అంతే, కాబట్టి కారు అక్కర్లేదు. రైల్లో సైకిల్‌కు చోటు గ్యారంటీ లేదు, అందుకే శనివారం తొలి బండి పట్టుకుంటాను. డేల్స్‌ఫోర్డ్‌కు మాత్రం రైలు లేదు. కాసిల్‌మెయిన్‌లో దిగి, వాన్ దాకా కాలువ గట్ల మీద తొక్కి, అదే దారిన వెనక్కి వచ్చేయండి. మొదటిసారికి అది చాలు. మధ్యలో టీకొట్టు లాంటిదేమీ ఉండదు, పులిహోర కట్టుకెళ్లండి.