కామోమైల్: పూల కషాయమా, నీలి నూనెనా?

చర్మం ఎర్రబడి మంటగా ఉంటే చామంతి కుటుంబంలోని కామోమైల్ అనే పువ్వును వాడటం యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. మరి ఎండు పూలు తెచ్చుకోవాలా, నూనె కొనాలా?

పువ్వు ఒకటే అయినా రెండూ ఒకటి కాదు. పూలలోని మాట్రిసిన్ అనే పదార్థం, ఆవిరితో నూనె తీసేటప్పుడు వేడికి నీలి రంగున్న కామజులీన్‌గా మారుతుంది. ఈ పువ్వులో ఒక రకమైన జర్మన్ కామోమైల్ నూనెకు ఆ సిరా నీలం అలా వచ్చిందే. కషాయం మాత్రం లేత పసుపు రంగులోనే ఉంటుంది.

ఖర్చు: పూలు చవక. నూనె ఖరీదెక్కువ, కానీ వాడేది చుక్కల్లోనే.

శ్రమ: కషాయానికి కాస్త ఓపిక కావాలి. మరిగిన నీళ్లలో రెండు చెంచాల పూలు వేసి 10 నిమిషాలు మూత పెట్టాలి. మూత మరిచిపోతే సువాసనతో పాటు గుణమూ ఆవిరైపోతుంది. వడకట్టి, బాగా చల్లారాక మెత్తని గుడ్డ తడిపి వేసుకోవాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్కరోజే. నూనెకైతే 10 మిల్లీలీటర్ల బాదం నూనెలో రెండు చుక్కలు కలిపితే చాలు.

రిస్క్: నూనెకే ఎక్కువ, నేరుగా అస్సలు రాయకండి. చామంతి, బంతి పడనివాళ్లకు రెండూ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. కళ్లలో ఏదీ వేయొద్దు.

ఎండకు కందిన మొహానికి, సున్నితమైన చర్మానికి నా ఓటు కషాయానికే. పొడిబారి పగిలే చేతులకు, కాళ్లకు నూనె మేలు. పుండు పడినా, చీము పట్టినా రెండూ పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి.