మెయిల్ సర్వర్‌లో ఉంచాలా, దించేసుకోవాలా? పాప్, ఐమ్యాప్‌లలో ఏది మేలు?

మా అన్నయ్యది విజయవాడలో చిన్న అకౌంట్స్ ఆఫీసు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరేయ్, రాత్రి ఫోన్‌లో చూసిన మెయిల్ ఇప్పుడు మాయమైందిరా, ఎవరైనా హ్యాక్ చేశారంటావా?" అన్నాడు. ఎవరూ చెయ్యలేదు. ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లు మెయిల్‌ని పాప్ పద్ధతిలో, అంటే సర్వర్‌లోని (మెయిల్ కంపెనీ దగ్గర మన మెయిళ్లు ఉండే కంప్యూటర్) మెయిళ్లను మన కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో కలిపి, "లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్" (కాపీ సర్వర్‌లోనూ ఉంచు) అన్న టిక్కు తీసేసి వెళ్లారు. పొద్దున కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మెయిళ్లన్నీ అందులోకి దిగిపోయి, సర్వర్ ఖాళీ అవుతోంది. కారణం తెలిశాక కూడా "సరేలే, తర్వాత చూద్దాం" అనుకున్నాం. అదే మా తప్పు. కొన్నాళ్లకు ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. మూడు నెలల మెయిళ్లు దాంతోపాటే పోయాయి. క్లయింట్లను అడిగి మళ్లీ పంపించుకున్నవి తప్ప ఏవీ దక్కలేదు.

అందుకే ముందే చెప్పేస్తాను: దించుకున్న వెంటనే సర్వర్‌లోంచి తీసేసే పద్ధతి ఇవాళ ఎవరికీ పనికిరాదు. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. పాప్‌తో దించుకుని సర్వర్‌లోనూ కాపీ ఉంచడం ఒకటి, మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి అన్ని చోట్ల నుంచీ దాన్నే చూసే ఐమ్యాప్ రెండోది.

పాప్‌లో ఇప్పటికీ నడుస్తున్న మూడో వెర్షన్ ప్రమాణం 1996 నాటిది. పని తీరు చాలా సాదా. మెయిల్ కాపీ తీసుకోవడానికి ఒక ఆదేశం, చెరపమనడానికి ఇంకో ఆదేశం. టిక్కు పెడితే ఆ రెండో ఆదేశాన్ని మన ప్రోగ్రామ్ పంపదు, అంతే. మరి రేపు మళ్లీ అవే మెయిళ్లు ఎందుకు దిగవు? సర్వర్ ప్రతి మెయిల్‌కీ ఒక గుర్తింపు ఇస్తుంది, వచ్చినవాటి గుర్తింపులను ప్రోగ్రామ్ రాసి పెట్టుకుంటుంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ అయితే పాప్‌స్టేట్ అనే ఫైల్లో రాస్తుంది. ఆ ఫైలు చెడిపోతే సర్వర్‌లో ఉన్నవన్నీ మళ్లీ దిగి, ఇన్‌బాక్సులో ప్రతిదీ రెండేసి కనిపిస్తుంది. కంగారు పడాల్సిన పని లేదు, పోయినవేమీ ఉండవు.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, మెయిల్ నిజంగా రెండు చోట్ల ఉండటం. ఫోన్‌లో పొరపాటున చెరిపినా, ఆఫీసు డిస్కులో దిగింది అలాగే ఉంటుంది. ఇబ్బంది జాగాతో. సొంత డొమైన్ (మన ఆఫీసు పేరుతో ఉండే అడ్రసు) మెయిల్‌బాక్సు 2 జీబీయే అయితే, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లతో ఇట్టే నిండుతుంది. నిండాక కొత్త మెయిల్ పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది. అందుకే కాపీ సర్వర్‌లో ఎన్ని రోజులు ఉండాలో చెప్పే, టిక్కు పక్కనే ఉండే రోజుల గడి ముఖ్యం. నేనైతే 30 పెడతాను. రెండు కంప్యూటర్లు పాప్‌లో ఉండి ఒకదానిలో 14, ఇంకోదానిలో 30 ఉంటే, చెల్లేది 14 మాత్రమే. జీమెయిల్‌లో ఈ టిక్కును నమ్ముకోవద్దు. పాప్‌తో తీసిన మెయిల్ ఏమవ్వాలన్నది అక్కడ జీమెయిల్ సెట్టింగ్సే నిర్ణయిస్తాయి.

మామూలుగా పాప్‌కి కనిపించేది ఇన్‌బాక్సు ఒక్కటే. స్పామ్‌లో పడిన నోటీసు గానీ, ఫోన్ నుంచి మనం పంపిన జవాబు గానీ దానికి తెలియవు.

ఐమ్యాప్ బలం సరిగ్గా ఇక్కడే. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ దాన్ని తయారుచేసినప్పటి నుంచీ మెయిల్ ఉండే చోటు సర్వరే. ఫోల్డర్లు, చదివినవీ చదవనివీ, పంపినవీ అన్ని చోట్లా ఒకేలా కనిపిస్తాయి. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడేవాళ్లు రెండో ఆలోచన లేకుండా దీన్నే పెట్టుకోవాలి. కాకపోతే ఒక్కచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. ఐమ్యాప్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

చివరికి అన్నయ్య ఆఫీసులో రెండూ కలిపాం. ఆయన టేబుల్ మీది కంప్యూటర్ ఒక్కటే పాప్, 30 రోజులు. ఫోన్, మిగతా కంప్యూటర్లు ఐమ్యాప్. పంపే ప్రతి మెయిల్‌కీ బీసీసీలో (మిగతావాళ్లకు కనిపించకుండా కాపీ పంపే గడిలో) సొంత అడ్రసు వేసుకుంటాం, అలా పంపినవీ ఆ టేబుల్ మీది కంప్యూటర్‌లోకి దిగుతాయి. శనివారం మెయిల్ ఫోల్డర్‌ని బయటి డిస్కులోకి కాపీ చేసి, అదే చేత్తో వెబ్‌మెయిల్‌లో (బ్రౌజర్‌లో తెరిచే మెయిల్) స్పామ్ చూస్తాడు.

మీ దగ్గర టిక్కు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, కంప్యూటర్‌లో దించి, వెంటనే బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరవండి. అక్కడ ఆ మెయిల్ కనిపించకపోతే మిగతా పనులు ఆపి ముందు ఆ టిక్కు పెట్టండి.